మీ కౌంటర్ మీది లాంగ్ నోట్‌బుక్ గురించి

హైదరాబాద్‌లో జిరాక్స్ షాపులు, నెట్ సెంటర్లు, ఆన్‌లైన్ సర్వీసు సెంటర్లు నడుపుతున్న అన్నలకు, తమ్ముళ్లకు, అక్కాచెల్లెళ్లకు నమస్కారం.

నేను విద్యానగర్‌లో ఉంటాను. గవర్నమెంటు స్కూల్లో లెక్కల టీచర్‌ని. ఈ ఉద్యోగం రాకముందు మూడేళ్లు అశోక్‌నగర్ గల్లీల్లో గ్రూప్స్‌కి చదివాను. పొద్దున సిటీ సెంట్రల్ లైబ్రరీ, మధ్యాహ్నం కోచింగ్, సాయంత్రం మీ షాపు. అప్లికేషన్ పెట్టినా, హాల్‌టికెట్ తీసుకున్నా, మెమోలు జిరాక్స్ చేయించుకున్నా మీ దగ్గరే. లాస్ట్ డేట్ రోజు సర్వర్ మొరాయిస్తే షట్టర్ సగం దించుకుని రాత్రి పదకొండింటి దాకా కూర్చుని నా ఫారం సబ్మిట్ చేసిపెట్టిన అన్న నాకు ఇప్పటికీ గుర్తున్నాడు. పది రూపాయలు తక్కువైతే "రేపియ్యి చెల్లె" అన్నాడు. ఆ మేలు మర్చిపోయి రాస్తున్న ఉత్తరం కాదిది. మీమీద ఉన్న గౌరవంతోనే రాస్తున్నాను. మా ఇంట్లో జరిగింది చెప్తాను, ఆ తర్వాత నేను అడిగేది వినండి.

మొన్న శ్రావణమాసంలో ఒక బుధవారం. పొద్దున ఎనిమిదింటికి నాన్నకు కరీంనగర్ నుంచి ఫోన్ వచ్చింది. నాన్న ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. ఫోన్ చేసింది ఒకే డిపోలో ఇరవై ఏళ్లు కలిసి పనిచేసిన ఆయన స్నేహితుడు. నాన్నకు సరిగ్గా వినపడదని స్పీకర్ పెట్టి మాట్లాడతారు, అందుకని వంటింట్లో ఉన్న నాకూ ప్రతి మాటా వినిపించింది.

"ఎట్లుందిరా గొంతు?"

"నా గొంతుకేమైంది? మంచిగనే ఉన్నది."

అటువైపు కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆయన గొంతు మారింది. "మరి నిన్న మెయిల్ల రాసినవ్ గదా. గొంతు పోయింది, మాట్లాడరాదు, ఫోన్ చెయ్యకు, మెయిల్‌లనే జవాబియ్యి అన్నవ్. మనవడి కాలేజీ ఫీజుకు తక్కువ పడ్డయంటే సాయంత్రం ఆరింటికి నలభై వేలు కొట్టిన గదరా."

మా వాడు ఏడో తరగతి. కాలేజీ లేదు, ఫీజూ లేదు. నాన్న ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే మంచం మీద కూలబడిపోయారు. ఆయన జీవితంలో ఎవరినీ ఒక్క రూపాయి చేబదులు అడిగిన మనిషి కాదు. ఇప్పుడు ఆయన పేరుతో, ఆయన మెయిల్ నుంచే, రిటైర్డ్ ఉద్యోగుల సంఘంలో ఆయనకు తెలిసిన వాళ్లందరికీ చేయి చాచినట్టయింది. డబ్బు పోయిన బాధ ఆ స్నేహితుడిదైతే, తలెత్తుకోలేని బాధ నాన్నది. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

డబ్బు వెళ్లింది ఆ పెద్దాయన ఖాతా నుంచి కాబట్టి వెంటనే ఆయనచేతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాను. ఆ ఫోన్ వల్ల ఏం జరుగుతుందో మీకు తెలిసి ఉండాలి, ఎందుకంటే ఇలాంటివాళ్లు ముందు పరిగెత్తుకొచ్చేది మీ షాపుకే. ఫిర్యాదు నమోదు కాగానే ఆ డబ్బు చేరిన బ్యాంకుకు సమాచారం వెళ్తుంది. డబ్బు ఇంకా అక్కడే ఉంటే ఆపేస్తారు. ఇంకో బ్యాంకుకు దాటిపోయి ఉంటే ఆ బ్యాంకుకు వెళ్తుంది. అంటే అది పరుగు పందెం. మొదటి గంటను పోలీసులు గోల్డెన్ అవర్ అంటారు. మా విషయంలో డబ్బు వేయడానికీ ఫోన్ చేయడానికీ మధ్య 14 గంటలు గడిచాయి. 40 వేలలో 11 వేలు మాత్రం ఒక ఖాతాలో దొరికి ఆగాయి. అలా ఆగిన సొమ్మును మన తెలంగాణలో లోక్ అదాలత్ ద్వారా బాధితులకు ఇప్పిస్తున్నారు. మేమూ దానికోసమే ఎదురుచూస్తున్నాం.

ఇక మెయిల్ సంగతి. నాన్న పాస్‌వర్డ్ కొడితే తప్పు అంటోంది. "పాస్‌వర్డ్ మర్చిపోయారా" నొక్కితే, చివర 47 ఉన్న నంబర్‌కు కోడ్ పంపమంటారా అని అడిగింది. ఇంట్లో అందరి నంబర్లూ చూశాం. నాది కాదు, నాన్నది కాదు, అమ్మది కాదు, పూణెలో ఉన్న తమ్ముడిదీ కాదు. నాన్న పాత డైరీలన్నీ తిరగేశాం. మర్నాడు రాత్రి భోజనాల దగ్గర నాన్న ఉన్నట్టుండి తలెత్తి, "ఆ మెయిల్ నేను చెయ్యలేదమ్మా, పాస్‌పోర్టుకు కావాలంటే చిక్కడపల్లిల షాపు పిలగాడు చేసిచ్చిండు" అన్నారు.

శుక్రవారం స్కూల్ కాగానే నాన్నను తీసుకుని ఆ షాపుకు వెళ్లాను. షాపు పేరు రాయను, రాయాల్సిన అవసరమూ లేదు. కౌంటర్‌లో ఉన్న తమ్ముడు చివరి రెండు అంకెలు వినగానే, "ఇది మా పాత నంబర్ అక్కా" అన్నాడు. వాళ్ల మామ డ్రాయర్ లాగి స్టాప్లర్ పిన్నుల డబ్బా తెరిచాడు. అందులో చిన్న ప్లాస్టిక్ కవర్, ఆ కవర్లో సిమ్. షాపు కరెంటు బిల్లు మెసేజ్‌లు ఆ నంబర్‌కే వస్తాయని రీచార్జ్ చేయిస్తూ బతికించారట. బటన్ల ఫోన్ ఒకటి తెచ్చి అందులో వేశారు. నేను కోడ్ పంపమని నొక్కాను. అందరం ఆ చిన్న స్క్రీన్ వైపే చూస్తూ నిలబడ్డాం. నిమిషం తర్వాత కోడ్ వచ్చింది.

ఇది మా అదృష్టం తప్ప ఇంకేం కాదు. దొంగ అప్పటికే రికవరీ నంబర్, అంటే పాస్‌వర్డ్ మర్చిపోతే కోడ్ వచ్చే నంబర్, మార్చేశాడు. అలా మార్చినా 7 రోజుల వరకు పాత నంబర్‌కు కోడ్ పంపే వీలు గూగుల్ ఉంచుతుంది. మేము వెళ్లింది మూడో రోజు. ఇంకో వారం ఆగి ఉంటే, లేదా ఆ సిమ్‌కు రీచార్జ్ అయిపోయి ఉంటే, నాన్న పాస్‌పోర్టు, పెన్షన్ కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఉన్న ఆ మెయిల్ తిరిగి చేతికొచ్చే దారి మూసుకుపోయేది.

లోపలికి వెళ్లి చూస్తే దొంగ ఎంత నిదానంగా పనిచేశాడో అర్థమైంది. సెట్టింగ్స్‌లో ఒక ఫిల్టర్ పెట్టాడు. వచ్చే ప్రతి మెయిల్ నేరుగా ట్రాష్‌లోకి పోయేలా. అంటే "ఏమైంది సార్, మీరే రాశారా?" అని ఎవరైనా అడిగినా నాన్నకు కనిపించదు. ఇంకోచోట ఫార్వర్డింగ్ పెట్టాడు, ప్రతి మెయిల్ కాపీ ఒకటి తనకు వెళ్లేలా. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది మూడోది. నాన్న పేరుతోనే, ఒక్క అక్షరం తేడాతో, ఇంకో కొత్త మెయిల్ ఐడీ తెరిచి, జవాబులన్నీ దానికి వెళ్లేలా రిప్లై టు దగ్గర పెట్టాడు. మొదటి మెయిల్ నాన్న ఐడీ నుంచే వెళ్లింది కాబట్టి అవతలి వాళ్లు నమ్మారు. జవాబు ఇచ్చేటప్పుడు అడ్రస్ ఎవరు చూస్తారు? అందుకే నాన్న మెయిల్ మా చేతికి వచ్చాక కూడా ఆ దొంగ ఐడీ నుంచి ఉత్తరాలు ఆగలేదు. కాంటాక్టుల్లో ఉన్న 112 మందికి ఒక్కొక్కరికి ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు నోట్‌బుక్ దగ్గరికి వస్తాను.

కోడ్ వచ్చిన సంతోషంలో ఆ తమ్ముడు, "పాస్‌వర్డ్ గిట్ల మా దగ్గర రాసుంటది అక్కా, చూస్త ఆగు" అంటూ కౌంటర్ మీంచే ఒక లాంగ్ నోట్‌బుక్ తీశాడు. పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసి ఉంది. లోపల నీలం పెన్నుతో గీతలు కొట్టి నాలుగు గడులు: పేరు, ఫోన్, మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్. 2017 పేజీల్లో నాన్న పేరు దొరికింది. పాస్‌వర్డ్ ఏమిటంటే నాన్న పేరు, ఆ పక్కన 123. పై వరసలోనూ పేరు, 123. కింది వరసలోనూ అంతే. పేజీ తిప్పినా అదే. మనుషులు మారుతున్నారు, చివర 123 మారడం లేదు. నాన్న ఆ మెయిల్‌ను ఇన్నేళ్లుగా అదే పాస్‌వర్డ్‌తో వాడుతున్నారు.

ఆ నోట్‌బుక్ ఎందుకు పెట్టారో నాకు తెలుసు. మోసం చేయడానికి కాదు. హాల్‌టికెట్ రోజున పాస్‌వర్డ్ మర్చిపోయి ఏడుస్తూ వచ్చే పిల్లలను నేనే కళ్లారా చూశాను. ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులకు మెయిల్ అంటే ఏమిటో తెలియదు, ఫారంలో మాత్రం ఈమెయిల్ దగ్గర ఎర్ర చుక్క ఉంటుంది, అది నింపకుండా ముందుకు కదలదు. వెనకాల పదిమంది నిలబడి ఉంటారు. పేజీకి రెండు రూపాయల బేరం, షాపు అద్దె వేలల్లో. అలాంటప్పుడు మీరే ఒక ఐడీ చేసి, మీ నంబరే పెట్టి, అందరికీ గుర్తుండే పాస్‌వర్డ్ పెట్టి పని జరిపిస్తారు. మీది సాయమే. కానీ ఆ సాయంలోనే దొంగకు తాళంచెవి దొరుకుతోంది.

నాన్న మెయిల్ ఏ దారిన పోయిందో పోలీసులు తేలుస్తారు. నాకు కనిపించినంతవరకు మూడు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఒకటి, ఎవరైనా ఊహించగల ఆ 123. రెండు, కౌంటర్ మీద అందరి చేతికీ అందే నోట్‌బుక్. మూడోది మీ కంప్యూటరే. ఆ తమ్ముడి అనుమతితోనే నేను ఆ సిస్టం ముందు కూర్చుని మెయిల్ పేజీ తెరిచాను. "ఖాతా ఎంచుకోండి" అంటూ వరసగా పేర్లు వచ్చాయి. రంగు రంగుల గుండ్రాల్లో ఒక్కో అక్షరం, పక్కన పేరు, కింద ఐడీ. మౌస్ తిప్పుతూ పోతే 31 వరకు లెక్కపెట్టి ఆపేశాను. వాటిలో చాలావాటికి బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ సేవ్ అయ్యే ఉంది. "సేవ్ చేయాలా" అని అడిగినప్పుడు హడావుడిలో ఎవరో సరే అని నొక్కేశారు. కస్టమర్ ప్రింట్ తీసుకుని చిల్లర తీసుకుని వెళ్లిపోయారు. వాళ్ల మెయిల్ మాత్రం మీ షాపులోనే ఉండిపోయింది.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిస్తే ఇంకా బాధేసింది. ఆధార్ పీడీఎఫ్‌లు, పాన్ కార్డులు, ఎవరిదో పెళ్లి సర్టిఫికెట్, ఎవరిదో కంటి ఆపరేషన్ రిపోర్టు. ఈ-ఆధార్‌కు తాళం ఉంటుంది కదా అంటారేమో. ఆ తాళం పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. పక్కనే ఉన్న పాన్ కార్డు మీద ఆ రెండూ ఉన్నాయి.

2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు ఆఫీసు ఒక ప్రకటన ఇచ్చింది. ఆధార్ జిరాక్సులు ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వొద్దని, ఇంటర్నెట్ సెంటర్లలో ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేయకపోవడం మంచిదని, చేస్తే కాపీలన్నీ పూర్తిగా తీసేయాలని అందులో ఉంది. జనం తప్పుగా అర్థం చేసుకుంటారని రెండు రోజుల్లోనే కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. ప్రకటన వెనక్కి పోయినా, కాపీలు తీసేయమన్న ఆ ఒక్క మాట మాత్రం మీ గోడ మీద ఉండాల్సిందేనని నా అభిప్రాయం.

మీకు రూల్స్ లేవని కాదు. 2011 ఏప్రిల్‌లోనే కేంద్రం సైబర్ కేఫ్‌లకు నిబంధనలు పెట్టింది. కస్టమర్ గుర్తింపు కార్డు చూడాలి, రిజిస్టర్ కనీసం ఏడాది దాచాలి, క్యూబికల్ అడ్డుగోడ నాలుగున్నర అడుగులు దాటకూడదు. ఐటీ చట్టం ప్రకారం వ్యాపారంగా జనానికి ఇంటర్నెట్ అందించే చోటు ఏదైనా సైబర్ కేఫే. బోర్డు మీద జిరాక్స్ అని రాసి ఉన్నా తేడా లేదు. ఆ నిబంధనల చూపంతా వచ్చిన మనిషి ఎవరు, ఏ తప్పు చేస్తాడోనన్న దానిమీదే. కానీ మీ దగ్గరికి వచ్చే వెయ్యి మందిలో దొంగ ఒక్కడుంటే, మిగిలిన 999 మంది మా నాన్నలాంటి వాళ్లు. వాళ్లను కాపాడాలంటే మీరే పూనుకోవాలి.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి మన ఊరిని ప్రపంచమంతా ఐటీ నగరం అంటోంది. కానీ మా నాన్నకు, మా స్కూల్ పిల్లల తల్లిదండ్రులకు ఇంటర్నెట్ గడప ఆ గాజు మేడల్లో లేదు. మీ కౌంటర్ దగ్గర ఉంది.

అందుకని అడుగుతున్నాను.

ముందుగా, ఎవరికి మెయిల్ ఐడీ చేసినా వాళ్ల నంబరే పెట్టండి. "నా దగ్గర ఫోన్ లేదు బిడ్డా" అంటే కొడుకుదో కూతురిదో అడగండి, రేపు రమ్మనండి. ఇప్పుడే కావాలని తొందరపెడతారు, నాకు తెలుసు. అయినా మీ నంబర్ పెట్టకండి. రికవరీ నంబర్ ఎవరిదైతే ఆ మెయిల్ వాళ్ల చేతిలో ఉన్నట్టే. మా విషయంలో మీ సిమ్ దొరకబట్టి బతికిపోయాం. ఆ సిమ్ ఆగిపోయి, కంపెనీ దాన్ని ఇంకెవరికో అమ్మి ఉంటే నాన్న మెయిల్ తాళం కూడా వాళ్లకే వెళ్లేది.

పాస్‌వర్డ్ టైప్ చేసే నిమిషం కీబోర్డు కస్టమర్ ముందుకు జరపండి. మీరు అటు తిరగండి. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలకు ఇంకో పది రూపాయలు తీసుకోండి, నేను సంతోషంగా ఇస్తాను, ఎవరైనా ఇస్తారు. ఏం పెట్టాలో తోచకపోతే మూడు నాలుగు సంబంధం లేని తెలుగు మాటలు ఇంగ్లిషు అక్షరాల్లో కలిపి రాయమనండి. చింతకాయ, రైలు, మేనత్త, ఇత్తడి. ఇలాంటిది గుర్తుంటుంది, ఊహించడం కష్టం. ఒక చీటీ మీద వాళ్లచేతే రాయించి, ఇంట్లో బియ్యం డబ్బాలో పెట్టుకోమనండి. ఇంట్లో చీటీ ఇంటివాళ్లే చూస్తారు. మీ నోట్‌బుక్ ఊరంతా చూస్తుంది.

ఇక కంప్యూటర్. బ్రౌజర్‌లో పైన కుడివైపు ఉండే గుండ్రటి బొమ్మ నొక్కితే గెస్ట్ అని ఉంటుంది. కస్టమర్ల పని ఏదైనా ఆ గెస్ట్ విండోలోనే చేయండి. ఆ విండో మూయగానే లాగిన్లు, హిస్టరీ అన్నీ పోతాయి. ఒక్కటి మాత్రం పోదు, డౌన్‌లోడ్ అయిన ఫైళ్లు. అవి మీరే తీసేయాలి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయాలి. రాత్రి షట్టర్ దించే ముందు గల్లా లెక్క చూసుకుంటారు కదా, అప్పుడే ఆ ఫోల్డర్ కూడా చూసుకోండి. "మా మెయిల్‌కు పంపండి, ప్రింట్ ఇస్తాం" అనే అలవాటు ఉన్నవాళ్లు ఆ ఇన్‌బాక్స్‌నూ ఖాళీ చేయాలి. డిలీట్ చేసినవి ట్రాష్‌లో 30 రోజులు ఉంటాయని గుర్తుంచుకోండి.

ఈ జాగ్రత్త మీకోసం కూడా. వేరేవాళ్ల పాస్‌వర్డ్‌ను మోసానికి వాడితే ఐటీ చట్టం 66సి, కంప్యూటర్ ద్వారా ఇంకొకరిలా నటించి మోసం చేస్తే 66డి. రెండింటికీ మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. రేపు మీ షాపులో పనిచేసి మానేసిన కుర్రాడు ఎవడైనా ఆ నోట్‌బుక్ ఫొటో తీసుకుని పోతే, పోలీసులు మొదట వచ్చేది మీ గుమ్మంలోకే. ఏ తప్పూ చేయకుండా మీరు స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఇంకో మాట. జనం మిమ్మల్ని నమ్ముతారు. ఆ శుక్రవారం నేను అక్కడుండగానే ఒక పెద్దావిడ వచ్చి ఫోన్ చూపించింది. ఏదో విదేశీ లాటరీ, ఆమె మెయిల్ ఐడీకి కోట్లు తగిలాయని ఉత్తరం. తమ్ముడు ఒక్క క్షణం చూసి, "దొంగ మెయిల్ అవ్వా, నువ్వు టికెట్ కొనకుంటే లాటరీ ఎట్ల తగుల్తది?" అన్నాడు. ఆవిడ ముఖం తేలికపడింది, నవ్వుకుంటూ వెళ్లిపోయింది. ఆ ఒక్క ప్రశ్నతో ఆమె పెన్షన్ డబ్బులు మిగిలాయి. ఇలాంటి ఉత్తరాలను ప్రపంచమంతా 419 మోసాలు అంటుంది, నైజీరియా శిక్షాస్మృతిలో ఈ నేరం చెప్పే సెక్షన్ నంబర్ అది. లెక్కల టీచర్‌ని కాబట్టి ఇది నా కంటికి ఆనింది: మన పాత ఐపీసీలో ఇంకొకరిలా నటించి మోసం చేసినవాడికి శిక్ష చెప్పేదీ సెక్షన్ 419 నే. 2024 జూలై 1న కొత్త న్యాయ సంహిత వచ్చాక అది 319 అయింది.

లాటరీ మెయిల్ మీరు సులువుగా పట్టేస్తారు. ఈమధ్య వచ్చేవి అంత సులువు కాదు. తెలిసిన మనిషి పేరుతో వస్తాయి. "బిజీగా ఉన్నావా, చిన్న సాయం కావాలి" అని మొదలవుతాయి. ఫోన్ చేయొద్దంటాయి. మా నాన్న పేరుతో వచ్చినదాంట్లో గొంతు పోయింది అన్న మాట ఎందుకుందో ఆలోచించండి. ఒక్క ఫోన్ చేస్తే మోసం బయటపడుతుంది, ఆ ఒక్క ఫోన్ ఆపడానికే అదంతా. కాబట్టి ఎవరైనా మీ దగ్గరికి వచ్చి "మా బామ్మర్ది మెయిల్ పెట్టిండు, పైసలు పంపాలె, జర ఆన్‌లైన్ల కొట్టు" అంటే, ముందు బామ్మర్దికి ఫోన్ చేయించండి. బ్యాంకు పేరుతోనో, ఇన్‌కంటాక్స్ రీఫండ్ పేరుతోనో వచ్చిన మెయిల్ చూపిస్తే పైన కనిపించే పేరు కాకుండా దాని పక్కన ఉన్న అసలు అడ్రస్ చూడండి, ముఖ్యంగా ఎట్ గుర్తు తర్వాత ఏముందో చూడండి. లింకు నొక్కి లాగిన్ అవ్వమంటే మీ షాపులో ఎవరినీ నొక్కనివ్వకండి.

ఇప్పటికే మోసపోయి వస్తే, మొదట తిట్టకండి. "ఎందుకిచ్చినవ్ ఓటీపీ" అని అడిగేవాళ్లు ఇంట్లో చాలామంది ఉంటారు. డబ్బు పోతే నిమిషం ఆలస్యం లేకుండా 1930కి చేయించండి. ఆ ట్రాన్సాక్షన్ నంబర్, టైమ్ రాసి ఇవ్వండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నింపడం మీకు చేతనైన పనే, డబ్బు పోకుండా మెయిల్ మాత్రమే హ్యాక్ అయినా అక్కడ ఫిర్యాదు చేయొచ్చు. దొంగ మెయిల్‌ను కోపంతో డిలీట్ చేయనివ్వకండి. అది వచ్చినవాళ్ల ఇన్‌బాక్స్‌లోనే ఉండాలి. అక్కడ మూడు చుక్కలు నొక్కి "షో ఒరిజినల్" అంటే ఎక్కడి నుంచి వచ్చింది, జవాబు ఎక్కడికి వెళ్తుంది అన్నీ కనిపిస్తాయి. ఫార్వర్డ్ చేస్తే ఆ వివరాలు పోతాయి. మాకు ఆ ఒక్క అక్షరం తేడా స్పష్టంగా తెలిసింది అక్కడే, కరీంనగర్ పెద్దాయన ఫోన్ చేసిన రోజు కాదు, ఆయన మనవరాలు కంప్యూటర్‌లో తెరిచి స్క్రీన్‌షాట్ పంపిన రోజు.

మెయిల్ తిరిగి చేతికి వచ్చాక పాస్‌వర్డ్ మార్చేసి అయిపోయిందనుకోవద్దు. ఫిల్టర్లు, ఫార్వర్డింగ్, రికవరీ నంబర్, లాగిన్ అయి ఉన్న డివైజ్‌ల జాబితా, ఈ నాలుగూ చూసి తీరాలి. ఆ తర్వాత టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఒక కోడ్ కూడా అడిగే ఏర్పాటు, పెట్టాలి. నాన్నకు పెట్టినప్పుడు ప్రతిసారీ కోడ్ ఎక్కడ చూసుకోవాలని విసుక్కున్నారు. ఇప్పుడు అలవాటైంది.

ఆ షాపు సంగతి కూడా చెప్పాలి. కోడ్ వచ్చిన రాత్రి ఆ మామ నా ముందే నోట్‌బుక్ తీసి చించబోయాడు. నేనే ఆపాను. చించితే మీకు శాంతి, మరి అందులో ఉన్నవాళ్ల పాస్‌వర్డ్లు మారవు కదా అన్నాను. అప్పుడు ముగ్గురం కూర్చుని ఒకటి అనుకున్నాం. వారంలో మూడు రోజులు, రాత్రి తొమ్మిదింటికి షట్టర్ దించాక, నోట్‌బుక్‌లో ఉన్న ఒక్కొక్కరికి ఫోన్ చేస్తున్నాం. నేను మాట్లాడతాను, తమ్ముడు ఆ కోడ్లు వచ్చే బటన్ల ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు. పాస్‌వర్డ్ వాళ్లే మార్చుకుంటారు, రికవరీ నంబర్ వాళ్లది పెట్టుకుంటారు. అయిపోగానే ఆ పేరు మీద నల్ల స్కెచ్ పెన్నుతో గీస్తాం. పేజీ మొత్తం నల్లగా అయితే ముక్కలు ముక్కలుగా చింపుతాం. మొత్తం 42 పేజీలు. తొమ్మిది అయ్యాయి.

కొందరు మొదట మేమే మోసగాళ్లం అనుకుంటున్నారు. అది మంచి లక్షణమే. వాళ్లను షాపుకే రమ్మంటున్నాం. కొన్ని నంబర్లు ఇప్పుడు లేవు. ఒకాయన డిగ్రీ అడ్మిషన్ కోసం చేయించుకున్న ఐడీతోనే ఇప్పుడు బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాడు, పాస్‌వర్డ్ ఇంకా పేరు, 123. మొన్న సోమవారం ఒక నంబర్‌కు చేస్తే ఆయన భార్య ఎత్తారు. ఆయన పోయి రెండేళ్లయిందట. పెన్షన్ కాగితాలు, ఇన్సూరెన్స్ ఉత్తరాలు ఆ మెయిల్‌కే వస్తాయని ఆవిడకు తెలియదు. అసలు ఆయనకు మెయిల్ ఉందన్న సంగతే తెలియదు.

శనివారం సాయంత్రం కూతుర్ని తీసుకుని షాపుకు వస్తానన్నారు. పదో పేజీ ఆ రోజు మొదలుపెడతాం. మీ షాపులోనూ ఇలాంటి నోట్‌బుక్ ఉంటే, ఫోన్లు ఎలా చేయాలో, ముందు ఏం చెప్పాలో చూడాలనుకుంటే, ఆ సాయంత్రం చిక్కడపల్లికి రండి.

ఇట్లు,
విద్యానగర్ నుంచి ఒక లెక్కల టీచర్